రుమాలు కింద బేరం

ఆ ఏడు దసరా నాటికి నా చేతిలో ఏమున్నదో ముందు చెబుతాను. భైంసా గంజిలో, అంటే పత్తి మార్కెట్లో, ఆడ్తి దుకాణం. రైతు తెచ్చిన సరుకును మిల్లువాడికి చూపించి, బేరం కుదిర్చి, మధ్యలో మన కమీషన్ మనం తీసుకోవడమే ఆడ్తి. మిల్లులవాళ్ల దగ్గర నా మాటకు విలువ ఉండేది. కొడుకులిద్దరూ నిజామాబాద్ హాస్టల్లో చదువుతున్నారు. వానలు సమంగా పడ్డాయి. నల్లరేగళ్లలో చేలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. వీటన్నిటి వెనుక, పెళ్లయిన నాటి నుంచి నా మాట మీద మాట అనని భార్య.

1989 సంగతి. దసరా వెళ్లిన కొద్దిరోజులకు రుక్మాబాయి దుకాణానికి కబురు పంపింది. ఎన్నడూ అట్లా పంపే మనిషి కాదు. ఇంటికి పోతే వంటింటి గడప మీద కూర్చుని ఉంది.

"ఎడమ రొమ్ముల గడ్డ తగుల్తుంది. పొలాల అమాస కాడికెల్లి చూస్తున్న. నొప్పి లేదు. కరుగుతలేదు."

"అప్పటిసంది చెప్పలేదేంది?"

"సీజన్ మీద పడ్డది గద. మిమ్మల్ని పరేషాన్ చేసుడెందుకని."

ఆమె పుట్టిల్లు కరీంనగర్ పక్కన. వాళ్ల అవ్వకు, అంటే తల్లికి, అక్కడి మిషన్ దవాఖానలో ఒకసారి ఆపరేషన్ అయింది. అక్కడికే పోదామంది. పోయాం. డాక్టర్ పేరు యేసుదాసు. నాకంటే చిన్నవాడు, సన్నగా, గొంతు ఎముక బయటికి కనిపించే మనిషి. చూడడానికి ఏమీ లేదు. తరువాత నాకు అదే మంట. అందగాడైతే కనీసం సంగతి అర్థమయ్యేది.

గడ్డలోకి సూది పెట్టి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చిన రోజు లోపలికి పిలిచారు. ఇట్లాంటి విషయాల్లో ఒక పద్ధతి నేను చిన్నప్పటి నుంచీ చూసినదే. రోగం ఆడవాళ్లదైతే వాళ్లను బయట కూర్చోబెడతారు. మగవాణ్ణి పక్కకు పిలిచి చెబుతారు. మా అవ్వ జబ్బును మా బాపుకు చెప్పారు. అవ్వకు ఎవరూ చెప్పలేదు. ఆమె పోయేదాకా అజీర్తి అనుకుంది. అందుకే కుర్చీలో కూర్చుంటూనే రుక్మాబాయితో అన్నాను.

"నువ్వు జర బయట కూసో."

"వద్దమ్మా, కూసోండి," అన్నాడు డాక్టర్. "గడ్డ మీది గద. మీరు లేకుంట నేనెట్ల మాట్లాడుత?"

రుక్మాబాయి నన్ను చూసింది, డాక్టర్‌ను చూసింది, కూర్చుంది.

అది క్యాన్సరేనని చెప్పాడు. గొంతు తగ్గించలేదు, పెంచలేదు. ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని విన్నది. తరువాత అతను కట్టు కట్టే పళ్లెంలోంచి దూది ఉండ తీసి, దాని మధ్యలో ఒక మాత్ర దూర్చి ఆమె ముందు పెట్టాడు. పుట్టినప్పటి నుంచి పత్తిలో బతికినవాణ్ణి. నా ఎదుట నా భార్యకు దూదితో పాఠం చెబుతున్నాడు!

"ఇగో, రెండు దారులున్నయి. మొత్తం రొమ్ము తీసుడు ఒక దారి. రెండోది, గడ్డ, దాని చుట్టు కొంత తీసి, రొమ్మును ఉంచుడు. కాని రెండో దాంట్ల హైదరాబాద్ పోయి ఆరు వారాలు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకోవాలె. రెండు దారులల్ల గూడ చంకల గడ్డలు తీసి చూస్తం. పెద్ద దవాఖానలల్ల ఏండ్ల తరబడి చూసిండ్రు. మీ తీరు చిన్న గడ్డకు ఏది చేసినా ఆయుష్షు ఒక్క లెక్కనే ఉన్నది. ఉంచిన రొమ్ముల కొద్దిమందికి మళ్ల రావచ్చు. వస్తే అప్పుడు తీయాలె. మరి మీకేది ముఖ్యం?"

"నాకా?" అంది రుక్మాబాయి.

"మీకే."

నేను నోరు తెరిచాను. డాక్టర్ నా వైపు చూడకుండానే చెయ్యి కొంచెం ఎత్తాడు, ఆగమన్నట్టు. గంజిలో నన్ను అట్లా ఆపినవాడు లేడు.

"జర ఆలోచన చేసుకుంట," అంది ఆమె.

"చేసుకోండి. వారం తీసుకోండి. వారంల ఏం మునిగిపోదు. ఏ అనుమానమొచ్చినా యాది పెట్టుకొని రండి. చిన్నదని ఇడిశిపెట్టకండి."

ఆమె మంచినీళ్లకని వెళ్లినప్పుడు నేను డాక్టర్‌ను వరండాలో పట్టుకున్నాను. భుజం మీది రుమాలు తీసి అతని కుడిచేతి మీద కప్పి, కింద నా చేత్తో అతని వేళ్లు పట్టుకున్నాను. మా పత్తి బేరాలు అట్లాగే జరుగుతాయి. యార్డులో వేలంపాట వచ్చినా పాతవాళ్లం మానలేదు. బండి పక్కన రైతు నిలబడి ఉంటాడు. సరుకు అతనిదే. కాని బేరం ఇద్దరు వ్యాపారుల వేళ్ల మధ్య రుమాలు కింద నడుస్తుంది. ఎన్ని వేళ్లు నొక్కితే ఏ ధరో మాకు తెలుసు. కుదిరిన తరువాతే రైతుకు చెబుతాం.

డాక్టర్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "డబ్బులు వద్దు రావు సాబ్. ఇక్కడ గట్ల తీసుకోం."

"డబ్బులు గాదు. ఆమె ముందట చెప్పలేనిది చెప్పుండ్రి. ఎన్నేండ్లు ఉంటది? ఏడాదికి ఒక్క ఏలు నొక్కుండ్రి. మొత్తం తీసుడే మంచిదైతే అరచేతుల గోకుండ్రి. నేను సముదాయించుకుంట."

అతను రుమాలునూ నన్నూ అయోమయంగా చూస్తున్నాడు. అంతలో రుక్మాబాయి వచ్చింది. డాక్టర్‌కు అర్థం కాలేదు గాని, ఆమె ఆడ్తి వ్యాపారి భార్య. ఒక్క చూపులో తెలిసిపోయింది. దగ్గరికి వచ్చి, నా చేతి మీది రుమాలు తీసి, మడతపెట్టి, తన చేతి మీద వేసుకుంది.

"నా బేరం నా ముందటనే చెయ్యండ్రి," అంది.

ఆ తరువాత డాక్టర్‌కు ఆ రుమాలు సంగతేమిటో తనే వివరించింది. ఏ వేలు ఎంతో కూడా చూపించింది. ఆ మనిషి పగలబడి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. అప్పుడే క్యాన్సరని విన్న ఆడమనిషి, పరాయి మగవాడితో కలిసి నవ్వుతోంది. వాళ్లు నన్ను చూసి నవ్వలేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసి నవ్వారు. నా లోపల ఏదో పుల్ల గుచ్చుకుంది. సీజన్ అంతా అది ఊడనే లేదు.

ఇంటికి వచ్చాం. రుక్మాబాయికి రాయడం రాదు. జొన్నరొట్టె చేస్తూ చేస్తూ ఆగిపోయేది. పిండి చేతులు తుడుచుకుని కొంగు అంచుకు ఒక ముడి వేసేది. పెంక మీద రొట్టె మాడినా పట్టించుకునేది కాదు.

"ఏం ముడి అది?" అన్నాను.

"డాక్టర్‌ను అడగాలె."

"నన్నడుగు."

"మీకెట్ల తెలుస్తది?"

"అడిగి చూడు."

రొట్టె తిప్పి, నా వైపు తిరిగింది. "కరెంటు పెడితె తోలు కాలుతదా? కాలితె మళ్ల మామూలైతదా?"

పత్తిలో తేమ ఎంతో పిడికిట్లో పట్టి చెబుతాను. దీనికి నా దగ్గర ఏమున్నది? ఆమె ఆ ముడిని పంటితో పట్టి ఇంకొంచెం బిగించింది. అందులో ఎగతాళి లేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

వారంలో ఆ కొంగు జపమాలలా తయారైంది. ఉతకడానికి ఆ చీర వేయలేదు. ఆరు గజాల చీరలో ఒక అంచు మొత్తం ఇంకొక మగవాడికి రాసి పెట్టినట్టుండేది. పంతొమ్మిదేళ్లలో నా కోసం ఒక్క ముడి కట్టిందా అని లెక్క చూసుకున్నాను. ఒక్కటీ తేలలేదు. అడగాల్సిన అవసరమే ఆమెకు రాలేదని, అంతా నేనే చూసుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఆ లెక్క కుదిరినట్టే ఉండేది, మళ్లీ ముడి కంటపడే వరకు.

మా అన్న భూపాల్‌రావు ఉట్నూర్ నుంచి వచ్చాడు. అన్నం ముందు కూర్చుంటూనే మొదలుపెట్టాడు.

"కోత కోసేది డాక్టర్, ఖర్చు పెట్టేది నువ్వు. నడుమ ఆడిదాన్ని అడుగుడేంది రా? మొత్తం తీసెయ్యమను. ఒక్క దెబ్బకు ఫికర్ ఖతం."

"అనుకుంటనే ఉన్న అన్నా."

"అనుకునుడు గాదు. అయినా గా డాక్టర్ నీ పెండ్లాంతోని అంతసేపు ఏం మాట్లాడుతుండు?"

"రోగం గురించి."

"రోగం గురించి గంట సేపా? మనకు జ్వరమొస్తే సూది పొడిచి పొమ్మంటరు గద!"

తలుపు చాటు నుంచి రుక్మాబాయి గొంతు వచ్చింది. "బావగారూ, మీకు సూది పొడిచెటప్పుడు ఏ చేతికి పొడవాల్నో అడుగుతరా, అడగరా?"

మా అన్న కంచం ముందుకు లాక్కున్నాడు. మా ఇంట్లో ఆయనకు ఎదురు చెప్పిన ఆడగొంతు అదే మొదటిది. ఆ ధైర్యం ఎక్కడి నుంచి అరువు తెచ్చుకుందో నాకు తెలుసు.

రెండోసారి పోయినప్పుడు ఆమె కొంగు టేబుల్ మీద పరిచింది. ఒక్కొక్క ముడి విప్పుతూ అడిగింది. తోలు సంగతి. రొట్టె కొట్టడానికి, బావిలో నీళ్లు చేదడానికి ఎడమ చెయ్యి లేస్తుందా. హైదరాబాద్‌లో ఎక్కడ ఉండాలి. మళ్లీ వస్తే అది తను తప్పు దారి పట్టినందుకేనా. డాక్టర్ ప్రతి దానికీ జవాబు చెప్పాడు. తెలియని చోట తెలియదన్నాడు. తెలియదని చెప్పి కూడా విలువ పోగొట్టుకోని మనిషిని అక్కడే చూశాను.

చివరి ముడి దగ్గర ఆమె వేళ్లు ఆగాయి. "మీరు జర బయటికి పోతరా?" అంది.

డాక్టర్ లేవబోయాడు.

"మీరు గాదు. ఈయన."

వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. లోపలికి మగ్దలేనమ్మ పోయింది. ఆమె అక్కడ నర్సు, మిషన్ కాంపౌండ్‌లోనే ఇల్లు. కొద్దిసేపటికి డాక్టర్ కూడా బయటికి వచ్చి, నాకు నమస్కారం పెట్టి పక్క వార్డుకు పోయాడు. తలుపు లోపలి నుంచి గడియ పడింది. ఒక ఏడుపు లాంటిది వినిపించింది. ఆ తరువాత ఇద్దరు ఆడవాళ్ల నవ్వు.

మగ్దలేనమ్మ తలుపు తీసి నన్ను చూసి నిలబడింది. "ఏం ఫికర్ చెయ్యకుండ్రి సావుకారి. నాకు గూడ తీసిండ్రు, ఎనిమిదేండ్లాయె. అమ్మకు విప్పి చూపిచ్చిన. కండ్లతోని చూస్తె భయం సగమైతది."

"ఏమడిగింది?"

"ఆమెనే అడుగుండ్రి," అని పోయింది. నేను అడగలేదు. ఆ ముడిలో ఏమున్నదో ఈనాటికీ నాకు తెలియదు.

తిరుగు ప్రయాణంలో నిర్మల్ బస్టాండులో చాయ్ తాగుతూ నేను నా బేరం పెట్టాను. బస్సు ఎక్కినప్పటి నుంచీ ఆలోచించాను. ఆ డాక్టర్ ఇవ్వగలిగినవి మాటలు, ఓపిక. నేను ఇవ్వగలిగినది, అతను ఇవ్వలేనిది ఏమిటి?

"మొత్తం తీయించుడొద్దు," అన్నాను. "గడ్డ వరకే తీపిద్దాం. కరెంటు పెట్టిద్దాం. ఆరు వారాలు దుకాణం మూసి హైదరాబాద్ల నీ పక్కన ఉంట."

"సీజన్లనా?"

"సీజన్లనే."

ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టింది. పత్తి సీజన్లో ఆడ్తి దుకాణం ఆరు వారాలు మూస్తే మిల్లులు పక్క దుకాణం మెట్లెక్కుతాయి, మళ్లీ దిగవు. అది ఆమెకు నాకంటే బాగా తెలుసు.

"గంత మాట అన్నరు," అంది. కళ్లు తుడుచుకుంది. బేరం కుదిరిందనుకున్నాను.

ఆపరేషన్ రోజు ఖాయం చేయడానికి మళ్లీ పోయాం. ఈసారి ముగ్గురం కూర్చున్నాం. డాక్టర్ తనే మొదలుపెట్టాడు.

"మీరైతే ఏ దారి అంటరని పోయినసారి అడిగిండ్రు గద, నా మనసు చెప్త. గడ్డ చిన్నది. నాకు రెండో దారి దిక్కు ఉన్నది. గడ్డ వరకు తీసి కరెంటు. కాని అది నా మనసు. మీది చెప్పండి."

ఇన్నాళ్లకు అతనూ నేనూ ఒకే పక్క ఉన్నాం. కుర్చీలో కొంచెం వెనక్కి వాలాను.

"మొత్తం తీసెయ్యండి," అంది రుక్మాబాయి.

వాలినవాణ్ణి ముందుకు వంగాను. ఆమే చెప్పింది.

"పొలాల అమాస సంది దినాం తానం చేసెటప్పుడు చెయ్యి గాడికే పోతుంది. ఉన్నదా, పెరిగిందా అని. యాష్టకొచ్చిన సార్. కరెంటు పెట్టినంక గూడ గంతే. మళ్ల ఒచ్చిందా, మళ్ల ఒచ్చిందా అని బతికినన్ని దినాలు తడుముకుంటనే ఉండాలె. నాకది వద్దు. ఇంకొకామెకు రొమ్ము ఉంటె ధైర్యముంటదేమో. నాకు లేకుంటెనే ధైర్యం."

"ఇట్ల చెప్పుమని ఇంట్ల ఎవరన్న అన్నరా?" అడిగాడు డాక్టర్. అడుగుతూ నా వైపు చూశాడు.

"లేదు. మా బావగారు అన్నరు గని, నేను లెక్కచెయ్యలే. ఈయన గడ్డ వరకే తీపిద్దామన్నరు. సీజన్ల దుకాణం మూసి పక్కన ఉంటనన్నరు."

డాక్టర్ చూపు మారింది. నా మీద గౌరవం లాంటిది కనిపించింది. నాకు అదీ భరించబుద్ధి కాలేదు.

"సరే అమ్మా," అన్నాడు. "మొత్తమే తీద్దాం."

అంతే. నేను అతని ముఖం చూస్తూనే ఉన్నాను. రుమాలు కింద వేళ్లు ఏం చెప్పినా, పైన ముఖాలు చదివి బతికినవాణ్ణి. ఓడినవాడి కనుబొమ్మ దగ్గర ఒక చిన్న ముడత పడుతుంది, ఎంత దాచినా. అతనికి పడలేదు. తన మాట పక్కకు పోయినా ఒక వీసం తగ్గని మనిషి. ఆమె నవ్వును చూసి ఓర్వలేకపోయాను, ముడులను చూసి ఓర్వలేకపోయాను. అన్నిటికంటే ఎక్కువగా అతని ఆ నున్నటి కనుబొమ్మలను చూసి ఓర్వలేకపోయాను.

వరండాలోకి రాగానే అనేశాను. "నా మాట తీసేసినవు."

"తీసెయ్యలే. మీది ఇన్న, ఆయనది ఇన్న. ఇని నాది చెప్పిన."

"ఆయన, నేను ఒక్కటేనా నీకు?"

"ఒక్కటెట్లయితరు?" అంది. "ఆయన దుకాణం మూస్తనన్నడా?"

ఆపరేషన్ అయింది. చంకలో గడ్డలకు పాకలేదని రిపోర్టు వచ్చింది. రోజూ మింగమని మాత్రలు ఇచ్చారు. ఎడమ చెయ్యి భుజం దాకా కూడా లేవలేదు. అది పట్టుకుపోకుండా ఏం చేయాలో మగ్దలేనమ్మ నేర్పి పంపింది. ఇంటికి వచ్చాక రుక్మాబాయి రోజూ వెనుక గదిలో తలుపు వేసుకునేది. నేను దుకాణానికి పోయి వచ్చేవాణ్ణి. ఆ తలుపు దగ్గరికి వచ్చి ఆగేవాణ్ణి. లోపల పళ్లు బిగబట్టిన మూలుగు. ఇది కూడా ఆమెకూ ఆ దవాఖాన వాళ్లకూ మధ్య సంగతేనని తిరిగి పోయేవాణ్ణి.

ఒకనాడు పొద్దున దుకాణానికి బయలుదేరుతుంటే లోపలి నుంచి పిలిచింది.

"ఇగో, ఒకసారి రాండ్రి. బస్తాల మీద పేర్లేసే కుంచె, నల్ల రంగు తీస్కరాండ్రి."

తీసుకుపోయాను. గోడకు ముఖం పెట్టి నిలబడి ఉంది. ఎడమ చేతి వేళ్లు గోడ మీద చీమల్లా ఒక్కొక్కటే పైకి పాకుతున్నాయి.

"ఏడ ఆగితె గాడ గీత గియ్యండ్రి. నిన్నటికి ఇయ్యాల్టికి ఎంత పెరిగిందో నాకు తెలుస్తలేదు."

వేళ్లు ఆమె చెవి ఎత్తున ఆగాయి. ముక్కు మీద చెమట. "ఇంకా?" అంది.

"ఇంక జర."

ఇంకొక అంగుళం పాకించింది. నేను గీత గీశాను. చెయ్యి దించేటప్పుడు భుజం మీది బట్ట జారింది. సర్దుకోబోయి, ఆగింది. సర్దుకోలేదు.

"చూసిండ్రా?"

"చూసిన."

"ఎట్లున్నది?"

మంచి మాట ఏదైనా వెతికితే దొరికేదేమో. నాకు వచ్చింది చెప్పాను. "కుట్టు సాఫ్‌గ పడ్డది. ఒక్క పోగు లేవలే."

ఆమె గోడ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "బస్తా కుట్టనుకున్నరా? అయ్యో, నొస్తుంది, నవ్వియ్యకుండ్రి!" అంటూనే నవ్వింది. గదిలో మేమిద్దరమే ఉన్నాం.

ఆ రోజు నుంచి పొద్దున గీత గీయందే దుకాణానికి పోలేదు. ఆలస్యంగా తెరిచే దుకాణమని పేరు పడింది. పోతే పోనీ అనుకున్నాను. శివరాత్రికి పత్తి బండ్లు ఆగిపోయే వేళకు గీతలు దర్వాజా పైకమ్మి ఎత్తుకు చేరాయి. అదే నెలలో కరీంనగర్ పోతే డాక్టర్ చెయ్యి ఎత్తించి చూసి, "శభాష్! ఇంత తొందరగ ఎట్ల సాధిచ్చిండ్రు?" అన్నాడు. గోడ సంగతి చెబుతుందేమోనని ఆమె నోటి వైపే చూశాను.

"చేసిన సార్, మీరు చెప్పినట్లనే," అంది రుక్మాబాయి. అంతకు మించి చెప్పలేదు.

ఇప్పటికీ ఏడాదికి ఒకసారి పోతాం. అతని గదిలోకి ఆమె ఒక్కతే పోతుంది. నేను బెంచీ మీద కూర్చుంటాను. ఆమె నవ్వు వినిపిస్తుంది. నాకు ఇప్పటికీ మండుతుంది.

ఆ సీజన్ లెక్క చెప్పి ముగిస్తాను. పోయినవి: ఆమె ఎడమ రొమ్ము, రెండు మిల్లుల బేరాలు, ఇంట్లో నా మాటే చివరి మాట అన్న పేరు. వచ్చినవి: మొదట రుక్మాబాయి. పైకమ్మి దాకా లేచే ఆమె చెయ్యి. ఆ పైన, వెనుక గదిలో నల్ల గీతల గోడ. దీపావళికి ఇల్లంతా సున్నం వేయిస్తాను. ఆ గోడ వైపు పోనివ్వను. ఇన్నేళ్లలో దాన్ని డాక్టర్ యేసుదాసు ఒక్కసారి కూడా చూడలేదు.